జాగ్రత్త: ‘పూర్తి ఫండింగ్ పీహెచ్‌డీ’ పేరిట అమ్ముతున్నది ఉత్త అడ్మిషన్ మాత్రమే

విదేశాల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, జీవశాస్త్రం వంటి విషయాల్లో పీహెచ్‌డీ చేయాలనుకుంటూ, ఇంట్లోగాని కాలేజీలోగాని ఆ దారి తెలిసినవారు లేక కన్సల్టెన్సీల గడప తొక్కుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తయ్యాక, ‘పూర్తి ఫండింగ్‌తో పీహెచ్‌డీ సీటు గ్యారంటీ’ అన్న మాట నమ్మి, హైదరాబాదులోని ఒక సంస్థకు రెండు విడతల్లో 1,60,000 రూపాయలు కట్టాను. వ్యవహారం వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు.

వారు నా చేతిలో పెట్టినది దొంగ లెటర్ అయివుంటే ముందే పసిగట్టేదాన్నేమో. అది నిజమైన బ్రిటిష్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నిజమైన అడ్మిషన్ లెటరే. మొదటి పేజీ చూసి మా నాన్నగారు వీధిలో మిఠాయిలు పంచారు. ఆఫర్ లెటర్ రాగానే కట్టాలని ఒప్పందంలో ఉన్న మిగిలిన లక్ష రూపాయలు ఆ సాయంత్రమే పంపించాము. మూడో పేజీలో, ఆర్థిక వివరాల కింద, ‘సెల్ఫ్ ఫండెడ్’ అని ఉంది. ఏడాదికి 26,000 పౌండ్ల ట్యూషన్ ఫీజు, రసాయనాలకూ పరికరాలకూ విడిగా బెంచ్ ఫీజు, అక్కడ బతకడానికి అయ్యే ఖర్చు, అన్నీ మేమే భరించాలి. కన్సల్టెన్సీవారు ఫండింగ్ అని చెప్పినది మొదటి ఏడాది ఫీజులో ఇచ్చిన 3,000 పౌండ్ల తగ్గింపును. అడిగితే, ‘స్కాలర్‌షిప్ వచ్చింది కదమ్మా, ఇంకేం కావాలి?’ అన్నారు.

బ్రిటన్‌లో అడ్మిషన్ వేరు, స్టూడెంట్‌షిప్ వేరు అన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. ఫీజు, స్టైపెండ్ రెండూ ఇచ్చేది స్టూడెంట్‌షిప్; పరిశోధనలకు నిధులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ యూకేఆర్ఐ 2025-26కు నిర్ణయించిన కనీస స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు. అయితే ఆ స్టూడెంట్‌షిప్‌లలో విదేశీ విద్యార్థులకు ఇవ్వగలిగినవి 30 శాతానికి మించకూడదన్న పరిమితి ఉంది. పైగా కొన్ని ప్రకటనల్లో స్వదేశీ విద్యార్థుల ఫీజు మేరకే చెల్లిస్తామని ఒక మూల రాసి ఉంటుంది. మన ఫీజుకూ దానికీ ఉన్న తేడా విద్యార్థే కట్టుకోవాలంటే అది మనకు ఫండింగ్ కిందికి రాదు.

నేను గొడవ చేసిన తరువాత వారు జర్మనీకి మారుస్తామన్నారు. అక్కడా సీటు ‘పూర్తి ఫండింగే’నట, కాని వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో 11,904 యూరోలు వేయాలట. జర్మనీలో సైన్సు పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. విశ్వవిద్యాలయమో పరిశోధన సంస్థో ప్రభుత్వ జీతాల పట్టికలోని 13వ శ్రేణిలో, తరచుగా సగం నుంచి ముప్పావు వంతు పనివేళల లెక్కన, కాంట్రాక్టు రాసి ఇస్తుంది. బ్లాక్డ్ అకౌంటు అనేది చేతిలో జీతంగాని స్కాలర్‌షిప్‌గాని లేనివారు తమ ఖర్చుకు డబ్బుందని చూపించే పద్ధతి. సరిపడా జీతంతో కాంట్రాక్టు ఉన్నవారు ఆ కాంట్రాక్టునే చూపిస్తారు. కాబట్టి ఒకే నోటితో ఫండింగ్ అనీ బ్లాక్డ్ అకౌంటు అనీ చెప్పేవారి దగ్గర రెండో ప్రశ్న అడగనక్కరలేదు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధించినది ఇంకొకటి ఉంది. దరఖాస్తుల కోసమని నా పేరిట వారే ఒక ఈమెయిల్ ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకున్నారు. చివరకు పట్టుబట్టి తీసుకుని చూస్తే, నూట నలభై మంది ప్రొఫెసర్లకు ఒకే లేఖ వెళ్లింది. వాతావరణ భౌతికశాస్త్రంలో పనిచేసే ఆయనకు, పాలిమర్లపై ఆయన చేసిన కృషి నన్ను ఎంతో ఆకర్షించిందని నేను రాసినట్లుగా ఉంది. మరొకరు, ఈ లేఖే ఆ నెలలో మూడు వేర్వేరు పేర్లతో వచ్చిందని, ఇకపై రాయవద్దని జవాబిచ్చారు. నేను నిజంగా చేరాలనుకున్న ప్రయోగశాల వారిదే. క్షమాపణ రాశాను, జవాబు రాలేదు. ఈ పని మాత్రం దయచేసి ఎవరికీ అప్పగించకండి. ఆ ప్రొఫెసర్ రాసిన పేపర్లు రెండు చదివి, పది వాక్యాలు తప్పులతోనైనా సరే మీరే రాసుకోండి.

నిజానికి ఈ అవకాశాలకు దళారీ అవసరమే లేదు. వియన్నా దగ్గరి పరిశోధన సంస్థ ఐఎస్‌టీ ఆస్ట్రియా, జపాన్‌లోని ఒకినావా సైన్స్ సంస్థ దరఖాస్తు ఫీజు కూడా తీసుకోవు, ఎంపికైనవారందరికీ జీతమో స్టైపెండో ఇస్తాయి. యూరప్ దేశాల పరిశోధన ఖాళీలు యూరాక్సెస్ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు దరఖాస్తు ఫీజు తీసుకుంటాయి గాని, అది వారి పోర్టల్‌లోనే కట్టాలి. సైన్సు పీహెచ్‌డీ ఆఫర్‌లో టీచింగ్ అసిస్టెంట్‌షిప్, ట్యూషన్ మినహాయింపు, స్టైపెండ్ మొత్తం సాధారణంగా రాసే ఉంటాయి. ఆర్థిక సహాయంతో ఇచ్చే ఆఫర్లకు ఏప్రిల్ 15 వరకు గడువు ఇస్తామని అక్కడి విశ్వవిద్యాలయాలు అనేకం ఒప్పుకుని ఉన్నాయి కనుక, ఫిబ్రవరిలో ‘రేపటిలోగా డబ్బు కట్టకపోతే సీటు పోతుంది’ అని కన్సల్టెన్సీ తొందరపెడితే ఆ తొందర ఎవరిదో ఆలోచించండి.

ఇప్పటికే కట్టేసినవారు ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు ఉండదు. నాకిచ్చిన రసీదులో ‘కెరీర్ కౌన్సెలింగ్’ అని మాత్రమే ఉంది, ఫండింగ్ ఊసే లేదు. ‘మా బాధ్యత ఆఫర్ లెటర్ వరకే’ అన్నది ఇప్పుడు వారి వాదన. నా వైపు మిగిలిన ఆధారం, వారి ఉద్యోగి వాట్సాప్‌లో ‘ఫీజు లేదు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది’ అని పంపిన సందేశం ఒక్కటే. కమిషన్ ముందు మొదటి విచారణ వచ్చే నెలలో ఉంది.