సొరుగు తాళం ఇంట్లనే మార్చినం, మంచిగ కూసుంది

మా నాయిన టేబుల్ సొరుగు తాళం ఖరాబై ఆర్నెల్లయింది, పట్టా పాస్‌బుక్కులన్నీ అండ్లనే ఉంటయి, చెవి పెడితే వట్టిగ తిరుగుడే. మొన్న నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపుకు పోతే ఆయన ముందుగాల పాత తాళం తెచ్చిన్రా అని అడిగిండు, అదే నాకు నచ్చింది. స్కేల్ పెట్టి కొలిచిండు, చెవి పెట్టే గుండు 22 ఎంఎం, చెక్క మందం 18 ఎంఎం, దానికి సరిపోయేదే ఇచ్చిండు. సొరుగుకైతే నాలుక, అంటే చెవి తిప్పితే బయటికొచ్చే ముక్క, పైకి లేవాలె, అల్మారా తలుపుకైతే పక్కకు పోవాలె, ఆయన చెప్పకపోతే నేను తలుపుదే తెచ్చుకుందును.

బిగించుడు పెద్ద పనేం కాదు. పాత స్క్రూ బొక్కలు లూజైనయి, అగ్గిపుల్లలు ఫెవికాల్‌ల ముంచి కొట్టి, ఆరినంక స్క్రూలు ఎక్కించిన, గట్టిగ పట్టింది. కొత్త నాలుక పాత గాడిల కూసోలే, జర పక్కకొచ్చింది, అందుకే నాలుక కొసకు కాటుక రాసి సొరుగు మూసి చెవి తిప్పిన, పైచెక్కకు నల్ల మచ్చ పడ్డది, సరిగ్గ అక్కడ్నే ఉలితోని గాడి తీసిన. ఈ ఉపాయం అందరు చేయాలె, అందాజగ తొలిస్తే టేబుల్ పాడైతది.

తాళంతోని వచ్చిన స్క్రూలు మాత్రం మెత్తగున్నయి, ఒకటి తల అరిగిపోయింది, వేరేవి కొన్న. తాళమైతే మస్తుంది, తిప్పితే టక్కుమని పడుతది. రెండు చెవులొచ్చినయి, ఒకటి నాయిన మొలతాడుకు కట్టుకున్నడు.