పాత సినిమాల క్విజ్, ఆ తర్వాత విశ్వాసం మీద చర్చ: సికింద్రాబాద్‌లో నెలకోసారి జరిగే ఈ ప్రోగ్రామ్ మీద నా రివ్యూ

పాత సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్లు, అదే టైంలో ఆదివారం చర్చికి అలవాటు కొద్దీ కాకుండా మనసు పెట్టి వెళ్లేవాళ్లు, హైదరాబాద్‌లో మీలాంటోళ్ల కోసం ఎవరైనా ఒక సాయంత్రం ప్లాన్ చేశారా అంటే నాకు తెలిసి ఇదొక్కటే. క్రైస్తవులు కానివాళ్లు కూడా చాలామంది వస్తారు, వాళ్లకి కూడా నచ్చుతోంది, దాని గురించి కింద చెప్తా.

ప్యారడైజ్ మెట్రో దిగి కొంచెం నడిస్తే ఒక బేకరీ, దాని పైన ఫస్ట్ ఫ్లోర్‌లో హాలు. నెలకి ఒక శనివారం సాయంత్రం పెడతారు. టికెట్ 150, అందులోనే చాయ్, ఎగ్ పఫ్, ఉస్మానియా బిస్కెట్లు. మొదటి గంట క్విజ్, టేబుల్‌కి ఐదుగురు, తెలుగు సినిమాలు, హాలీవుడ్ పాతవి, పాత టీవీ ప్రోగ్రాములు అన్నీ కలిపి అడుగుతారు. ఆ తర్వాత అదే క్విజ్‌లోంచి రెండు మూడు ప్రశ్నలు తీసి వాటి మీద చర్చ పెడతారు, అది ఎప్పుడూ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, ఒక మనిషి విశ్వాసం నిజమైనదని ఎట్లా తెలుస్తుంది, అసలు బయటివాళ్లకి తెలియాలా అని. క్విజ్ నడిపే సార్ రైల్వేలో చేసి రిటైర్ అయినాయన. ఆయనలో నాకు బాగా నచ్చేది ఏంటంటే తనకి పక్కాగా తెలియని ప్రశ్న అడగరు, ఎవరైనా లేచి సార్ అది తప్పు అంటే వాదించకుండా ఇద్దరూ కలిసి చూసి తేల్చుకుంటారు, తేలకపోతే ఆ ప్రశ్న కొట్టేస్తారు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ చర్చ మొదలయ్యాక దీని విలువ తెలుస్తుంది, సినిమా విషయంలోనే అంత నిజాయితీగా ఉన్న చోట దేవుడి గురించి మాట్లాడేటప్పుడు కూడా ఎవరూ గాలి మాటలు మాట్లాడరు.

మిస్సమ్మ మీద జరిగిన సాయంత్రం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి నేను. 1955 విజయా వారి సినిమా, ఎల్.వి. ప్రసాద్ గారి డైరెక్షన్, అందరం పది సార్లు చూసినదే. మొదట మామూలు ప్రశ్నలే వచ్చాయి, మేరీ పాత్రకి ముందు అనుకున్నది ఎవరిని అంటే భానుమతి గారిని అని సగం హాలు ఒకేసారి అరిచింది. అప్పుడు సార్ ఇండస్ట్రీలో చెప్పుకునే కథ చెప్పారు, భానుమతి గారు ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుని షూటింగ్‌కి లేటుగా వచ్చారని, చక్రపాణి గారితో మాట పట్టింపు వచ్చి అప్పటిదాకా తీసిన రీళ్లు కూడా పక్కన పడేశారని, చెల్లెలి వేషానికి అనుకున్న సావిత్రి గారు మేరీ అయ్యారని, ఆ చెల్లెలి వేషం జమున గారికి వెళ్లిందని. ఒక క్రైస్తవ అమ్మాయి పాత్ర ఒక హిందూ వ్రతం వల్ల చేతులు మారడం, దాంతో సావిత్రి గారి జీవితమే మారిపోవడం, ఇది విన్నాక ఎవరి విశ్వాసాన్నైనా తేలిగ్గా చూడబుద్ధి కాదు. ఆవిడ వ్రతం ఆవిడకి ముఖ్యం, పని పోయినా సరే అనుకున్నారు, అంతే కదా.

తర్వాత ప్రశ్న, మేరీ అసలు పేరేంటి? మహాలక్ష్మి. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారి పెద్దకూతురు, క్రైస్తవ కుటుంబం పెంచింది. ఉద్యోగం కోసం ఎన్టీఆర్ గారితో పెళ్లయినట్టు అబద్ధం ఆడి ఆ ఊరి స్కూల్లో టీచర్‌గా చేరుతుంది, అప్పు తీర్చాలి కాబట్టి. చర్చకి పెట్టిన ప్రశ్న ఏంటంటే, "కరుణించు మేరి మాతా" అని కన్నీళ్లతో ప్రార్థన చేసే అమ్మాయి జీతం కోసం తన మతం దాచిపెడితే ఆ ప్రార్థన నిజమైనదేనా?

మొదట కుర్రాళ్లు సినిమా గురించే మాట్లాడారు. చివర్లో ఆ అమ్మాయిని హిందూ ఇంటి బిడ్డగా చూపించి కథ సుఖాంతం చేసేశారు, మరి ఇన్నేళ్లు ఆమె చేసిన ప్రార్థన ఏమైపోయింది, ఆ ప్రశ్న సినిమా అడగలేదు అని ఒకబ్బాయి అన్నాడు, కరెక్ట్ పాయింటే. "బృందావనమది అందరిది" అని పాటలో ఎంత అందంగా చెప్పినా ముగింపులో మేరీకి ఒక ఇంటి పేరే మిగిలింది అన్నాడు. అప్పుడు వెనక టేబుల్ నుంచి ఒక ఆంటీ లేచారు. మా ఇంట్లో అందరికీ రెండు పేర్లు బాబూ, స్కూల్ రిజిస్టర్లో ఒకటి, బాప్తిస్మం అప్పుడు పెట్టింది ఇంకోటి, నేను ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసింది మొదటి పేరుతో, సచ్చిపోతే సమాధి మీద రాసేది రెండోది అన్నారు. హాలు మొత్తం సైలెంట్.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని కలిపారు, క్రైస్తవుల్లోకి మారిన దళితులకి మాత్రం లేదు, మన దగ్గర వాళ్లని బీసీ సీ, అంటే వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు కింద పెట్టారు. కులం వల్ల పడే అవమానం చర్చికి వెళ్లినంత మాత్రాన ఆగదు, కులం సర్టిఫికెట్ కాగితం మాత్రం మారిపోతుంది. అందుకే తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు కాగితం మీద ఒకలా, ఆదివారం ఒకలా బతుకుతున్నాయి. దీన్ని బయటివాళ్లు మోసం అంటారు, సంఘంలో ఉన్నవాళ్లే కొందరు అవిశ్వాసం అంటారు. ఆ ఆంటీ రెండు మాటలూ విన్నారు జీవితమంతా. దేవుడికి నా రెండు పేర్లూ తెలుసు అని చెప్పి కూర్చున్నారు. నేను ఎన్నో యూత్ మీటింగుల్లో సాక్ష్యాలు విన్నా, స్టేజ్ మీద మైక్ పట్టుకుని చెప్పేవి, వాటిల్లో ఇంత నిజం ఎప్పుడూ వినలేదు, ఒట్టు. ఇదంతా ఎందుకు సాధ్యమైందంటే ఎవరూ ఆవిడని నీ విశ్వాసం గురించి చెప్పమ్మా అని అడగలేదు, మేరీ గురించి అడిగారు. నా దృష్టిలో ఈ ప్రోగ్రామ్ గొప్పతనం మొత్తం ఇందులోనే ఉంది.

ఇంకో సాయంత్రం కరుణామయుడు. 1978, యేసుగా విజయచందర్ గారు, డైరెక్టర్ భీమ్‌సింగ్ గారు ఆ ఏడాది మొదట్లోనే, సినిమా రిలీజ్ కాకముందే చనిపోయారు. "కదిలిందీ కరుణరథం" రాసింది మోదుకూరి జాన్సన్ గారు, పాడింది బాలు గారు, ఆ బిట్ ప్లే చేసినప్పుడు హాల్లో పెద్దవాళ్లు చాలామంది కళ్లు తుడుచుకున్నారు, ఊళ్లల్లో గుడ్డ తెర కట్టి ప్రొజెక్టర్ మీద ఈ సినిమా చూసిన తరం వాళ్లు మరి. తర్వాత క్విజ్‌లో అడిగారు, ఇదే నటుడు 1986లో ఏ పాత్ర చేశాడు అని. షిర్డీ సాయిబాబా. ఇంకోటి, 1980లో మళ్లీ ఆయనే యేసుగా వచ్చిన రాజాధిరాజు తీసింది ఎవరు? బాపు గారు! సంపూర్ణ రామాయణం, సీతాకల్యాణం తీసిన బాపు గారే, అందులో నూతన్ ప్రసాద్ సైతాను, "కొత్తా దేవుడండీ" పాట గుర్తుంది కదా. మరి రాముణ్ణి కొలిచే మనిషి యేసు మీద తీసిన సినిమాలో నిజాయితీ ఉంటుందా, బాబా వేషం కూడా వేసిన నటుడి కళ్లల్లో మనం చూసిన కరుణ నటనేనా?

దీని మీద వాదన గట్టిగానే జరిగింది. ఒక బ్రదర్ ఏమన్నారంటే నమ్మకుండా చేసింది ఎంత బాగున్నా బొమ్మే అని. నాకు అది ఒప్పుకోబుద్ధి కాలేదు, అక్కడే చెప్పాను కూడా. రాజాధిరాజు చూస్తే డబ్బుకీ అధికారానికీ లొంగిపోయే మనుషుల్ని బాపు రమణలు ఎంత సూటిగా పట్టుకున్నారో తెలుస్తుంది, అందులో వెటకారం ఉంది గానీ అది కపటం మీద, భక్తి మీద కాదు. మత్తయి 23లో యేసు వేషధారులని తిట్టిన అధ్యాయం చదివినోళ్లకి అది అర్థమవుతుంది. పుట్టుకతో క్రైస్తవుణ్ణని చెప్పుకుని ఆ అధ్యాయం ఎప్పుడూ తిరగెయ్యని మనిషి కంటే బయట నిలబడి దాన్ని అర్థం చేసుకున్న కళాకారుడు సత్యానికి దగ్గర అని నా అభిప్రాయం. ఆ బ్రదర్ ఒప్పుకోలేదు, చివర్లో చాయ్ మాత్రం కలిసే తాగాం.

హాలీవుడ్ వైపు బెన్‌హర్ వచ్చింది, 1959, 11 ఆస్కార్లు, సినిమా మొత్తంలో యేసు ముఖం కనిపించదు అనేది అందరికీ తెలిసిన ట్రివియా, దాని మీద పెద్దగా చర్చ జరగలేదు. టీవీలో అయితే చార్లీ బ్రౌన్ క్రిస్మస్ కార్టూన్ స్పెషల్, 1965లో అమెరికాలో వచ్చింది, లైనస్ అనే పిల్లాడు లూకా 2వ అధ్యాయం చెప్తూ సరిగ్గా "భయపడకుడి" అనే మాట దగ్గర ఎప్పుడూ వదలని దుప్పటి కింద పడేస్తాడు. ఆ క్లిప్ వేసి చూపించారు, నేను అది అంతకుముందు గమనించలేదు, ఒళ్లు జలదరించింది.

స్కాట్లాండ్ రన్నర్ ఎరిక్ లిడెల్ మీద పెట్టిన ప్రశ్న మాత్రం మన హైదరాబాద్ పిల్లలకి సూటిగా తగిలేది. 1924 పారిస్ ఒలింపిక్స్, 100 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్లు) ఆదివారం పడ్డాయని, అది దేవుడి రోజని పరిగెత్తనన్నాడు, 400 మీటర్లలో 47.6 సెకన్లతో గోల్డ్ కొట్టాడు, తర్వాత మిషనరీగా చైనా వెళ్లి 1945లో జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. ఆయన మీద 1981లో వచ్చిన చారియట్స్ ఆఫ్ ఫైర్‌లో పడవ ఎక్కేటప్పుడు ఆ విషయం తెలిసినట్టు చూపిస్తారు, నిజానికి నెలల ముందే షెడ్యూల్ తెలుసు, నెలల ముందే నిర్ణయం తీసుకుని మామూలుగా 400కి ప్రాక్టీస్ మొదలుపెట్టాడు. సార్ ఇది చెప్పగానే చర్చ ఇంకో లెవెల్‌కి వెళ్లింది. సినిమాలో లాగా పెద్దల ముందు నిలబడి కాదనడం ఒక రకం ధైర్యం, ఎవరూ చూడకుండా రోజూ తెల్లారి లేచి వేరే రేసుకి ట్రైనింగ్ చేసుకోవడం ఇంకో రకం, నాకైతే రెండోదే కష్టం. టేబుల్ మీద ఒక చెల్లి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది, 2024 జూన్ 9న గ్రూప్ 1 ప్రిలిమ్స్ పడింది ఆదివారమే కదా అన్నా, మరి నేను రాయకూడదా అని అడిగింది. నర్సుగా చేసే ఒక అక్క, ఆదివారం డ్యూటీలో పేషెంట్‌కి బెడ్ మార్చడం నాకు ఆరాధనే అంది. పని చెయ్యకూడని విశ్రాంతి దినమైన సబ్బాతు రోజున యేసు రోగుల్ని స్వస్థపరచిన సంగతి ఎవరో గుర్తు చేశారు. తీర్పు ఏమీ ఇవ్వలేదు ఎవరూ, ఆ చెల్లి ఎగ్జామ్ రాస్తుందనే అనుకుంటున్నా, రాసి బాగా రావాలని ప్రార్థన చేశా కూడా.

లోపాలు కూడా చెప్పాలి. మైక్ ఒక్కటే, వెనక టేబుళ్లకి సగం ప్రశ్నలు వినపడవు, కింద రోడ్డు మీద హారన్లు వేరే. స్లయిడ్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, పెద్దవాళ్లు పక్కవాళ్లని అడుగుతుంటారు, తెలుగులో కూడా వేస్తే ఏం పోతుంది? పఫ్‌లు ఆలస్యంగా వెళ్తే చల్లగా దొరుకుతాయి. అన్నిటికంటే నాకు బాధ కలిగింది ఏంటంటే ఒక నెల కొత్తగా వచ్చిన ఒకాయన ఒక్కొక్కరినీ నీకు మారుమనసు ఎప్పుడైంది, ఏ సంఘం, నువ్వు నామకార్థ క్రైస్తవుడివేనా అని లెక్కలడగడం మొదలుపెట్టాడు, మా టేబుల్‌లో ఉన్న హిందూ దంపతులు మధ్యలో లేచి వెళ్లిపోయారు. సార్ కలగజేసుకున్నారు గానీ చాలా లేటుగా. ఎదుటివాడి గుండె తెరిచి చూసే పని మనది కాదని ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు, అలాంటప్పుడు ఆపడానికి పది నిమిషాలు పట్టకూడదు. తర్వాతి నెల నుంచి మొదట్లోనే ఒక రూల్ చెప్తున్నారు, సినిమాలో పాత్రని ఏమైనా అడగండి, పక్కన కూర్చున్న మనిషిని ఆయన చెప్తే తప్ప అడగొద్దు అని. బాగా పనిచేస్తోంది. ఆ దంపతులు మళ్లీ వచ్చారు, అది చూసి నాకు చాలా సంతోషం అనిపించింది.

5కి 4 ఇస్తున్నా. పార్కింగ్ లేదు, బండి వేసుకుని రాకండి, మెట్రో బెస్ట్. లిఫ్ట్ కూడా లేదు, మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి కాబట్టి అమ్మమ్మల్ని తాతయ్యల్ని తీసుకొస్తే చెయ్యి పట్టుకుని ఎక్కించండి, తీసుకురావడం మాత్రం మానకండి, పాత సినిమాల రౌండ్‌లో పాయింట్లన్నీ వాళ్లే కొడతారు. డిసెంబర్‌లో టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే బుక్ చేసుకోండి. ఒక్కరే వెళ్లినా ఇబ్బంది లేదు, ఏదో ఒక టేబుల్‌లో వాళ్లే కూర్చోబెడతారు.