ఎనిమిదేళ్లు, రెండు పంచ్ బ్యాగులు: ఇంట్లో ప్రాక్టీస్ చేసేవాళ్ల కోసం

నేను కరాటేతో మొదలుపెట్టి కిక్‌బాక్సింగ్‌లోకి వచ్చినదాన్ని. క్లాసు వారానికి మూడు రోజులే. మిగతా రోజుల్లో ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోవడానికి ఎనిమిదేళ్ల కిందట మొదటి బ్యాగ్ కొన్నాను. అది ఏడాదిన్నర నిలిచింది. రెండోది ఆరున్నరేళ్లుగా వేలాడుతూనే ఉంది. ఇవాళ పొద్దున కూడా దాని మీద ఆరు రౌండ్లు చేసి వచ్చి ఇది రాస్తున్నాను. కొనేటప్పుడు అందరం బయటి తోలు చూస్తాం, కుట్లు చూస్తాం, రంగు చూస్తాం. నేనూ అంతే చేశాను. అసలు చూడాల్సింది లోపల ఏం కూరారో, పైన దేనికి వేలాడుతుందో. ఈ రెండూ నాకు ఎలా తెలిసొచ్చాయో చెప్తాను.

మొదటిది నేల మీద నిలబడే రకం. కింద ప్లాస్టిక్ డ్రమ్ము లాంటి బేస్, అందులో నీళ్లో ఇసుకో నింపాలి, పైన ఫోమ్ చుట్టిన స్తంభం. అప్పుడు ఉన్నది అద్దె ఇల్లు, స్లాబుకి రంధ్రాలు పెడితే ఓనరు ఒప్పుకోరని దాన్నే ఎంచుకున్నాను. నీళ్లు నింపి మొదలుపెట్టాను. జాబ్, క్రాస్ లాంటి చేతి దెబ్బలకు బాగానే ఉండేది. కాలు ఎత్తితేనే ఇబ్బంది. పక్కనుంచి తిప్పి కొట్టే రౌండ్‌హౌస్ కిక్ ఒకటి గట్టిగా పడిందంటే బేస్ ఒక పక్క లేచి, జానెడు జరిగి, దబ్బుమని కూర్చునేది. మూడు నిమిషాల రౌండు అయ్యేసరికి గది మధ్యలో ఉన్నది గోడ దగ్గరికి చేరేది. విశ్రాంతి నిమిషమంతా దాన్ని వెనక్కి లాక్కురావడానికే సరిపోయేది.

నీళ్లు తీసేసి పొడి ఇసుక పోశాను. అదే చోటులో ఇసుక నీళ్లకంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు తూగుతుంది కాబట్టి జరగడం బాగా తగ్గింది. కానీ బేస్ కదలడం మానేశాక దెబ్బ బలమంతా స్తంభం, బేస్ కలిసే మెడ దగ్గర పడటం మొదలైంది. పద్నాలుగో నెలలో అక్కడ వెంట్రుకంత సన్నటి తెల్లగీత కనిపించింది. పద్దెనిమిదో నెలకి అది మెడ చుట్టూ తిరిగింది. అమ్మినవాళ్లకి రాస్తే ఇసుక నింపినందువల్లే పగిలిందన్నారు. ఇసుక నింపవచ్చని వాళ్లిచ్చిన కాగితంలోనే ఉంది. ఆ జవాబుకి నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే కొనడానికి ముందు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను.

అయినా ఈ రకాన్ని కొనొద్దని చెప్పను. స్లాబుకి బోల్టు వేయడానికి వీల్లేనివాళ్లకి, ఎక్కువగా చేతులతోనే ప్రాక్టీస్ చేసేవాళ్లకి, వాడాక పక్కకి జరిపేసుకోవాల్సినవాళ్లకి ఇదే దారి. నెలకోసారి టార్చి వేసి ఆ మెడ దగ్గర చూసుకోండి. కిక్సే ముఖ్యమైతే మాత్రం వేలాడే బ్యాగే కావాలి.

రెండోది అలాంటిదే. 5 అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు, 40 కిలోల బరువు. లోపల గుడ్డపీలికలు, బయట మందపాటి రెక్సిన్. బరువు దగ్గర చాలామంది తడబడతారు. బ్యాగ్ మన బరువులో సగం ఉండాలని జిమ్ములో చెప్పే లెక్క ఒకటుంది. నేను 68 కిలోలు. ఆ లెక్కన 34 సరిపోవాలి. కిక్స్ ఉన్నాయి కాబట్టి మా మాస్టర్ గారు ఇంకాస్త బరువైనది తీసుకోమన్నారు. ఆయన మాట విన్నందుకు ఈరోజుకీ సంతోషమే. బ్యాగ్ తేలికైతే ప్రతి దెబ్బకీ గడియారం లోలకంలా ఊగిపోతుంది. అది తిరిగి వచ్చేదాకా ఆగాలి, లేదా దాని వెనక పరిగెత్తాలి. మరీ బరువైతే అసలు కదలదు, దెబ్బ తిరిగి మన కీళ్లకే వస్తుంది. నా 40 కిలోలది కిక్ పడితే కొంచెం వంగి, ఒక్కసారి ఊగి, రెండో ఊపుకి కుదురుకుంటుంది. నాకు కావాల్సింది అదే.

ఊగడం గురించి ఇంకో మాట. బరువు సరిగ్గా ఉన్నా బ్యాగ్ మరీ ఊగుతోందంటే మనం కొట్టట్లేదు, తోస్తున్నాం అని. మాస్టర్ గారు మొదటిసారి ఇంటికి వచ్చి నా ప్రాక్టీస్ చూసినప్పుడు, "అమ్మా, బ్యాగ్‌ని జరపడానికి కాదు నువ్వు కొడుతున్నది. చెయ్యి ఎంత వేగంగా వెళ్లిందో అంత వేగంగా వెనక్కి రానీ" అన్నారు. అప్పటినుంచీ శబ్దం వింటూ కొడుతున్నాను. తోస్తే బొద్దుగా మూలిగినట్టు వస్తుంది. సరిగ్గా తగిలితే పొట్టిగా, టప్పున తెగుతుంది. తప్పు పట్టుకోవడానికి ఇంట్లో ఒంటరిగా చేసేవాళ్లకి ఇంతకంటే మంచి గురువు లేదు.

పొడవు కూడా మీరు చేసే కళని బట్టే. బాక్సింగ్ ఒక్కటే అయితే 3 అడుగులది, 4 అడుగులది చాలు. థాయ్‌లాండ్ యుద్ధకళ ముయే థాయ్ చేసేవాళ్లు లో కిక్ (ఎదుటివాళ్ల కాళ్ల మీద, తక్కువ ఎత్తులో కొట్టేది) కోసం 6 అడుగులది, దాదాపు నేల దాకా వేలాడేది వాడతారు. నాది వేలాడదీశాక పైభాగం నా తలకంటే కొంచెం పైకి, అడుగుభాగం మోకాలికి కొద్దిగా దిగువకి వచ్చింది. తొడ ఎత్తులో పడే కిక్‌కి సరిపోతుంది, పిక్క దగ్గర కొట్టేదానికి చాలదు. ఈ ఒక్క విషయంలో ఆరడుగులది తీసుకోవాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. తల ఎత్తులో వేలాడే చిన్న స్పీడ్ బ్యాగ్, పైనా కిందా తాడుతో కట్టే డబుల్ ఎండ్ బ్యాగ్ మంచివే, టైమింగ్ నేర్పుతాయి. కానీ ఇంట్లో ఒక్కటే కొనగలిగితే అవి తర్వాత.

ఇక లోపలి సంగతి. కొత్తలో బ్యాగ్ పైనుంచి కింద దాకా ఒకేలా మెత్తగా, నిండుగా ఉండేది. ఆరు నెలలు గడిచేసరికి పైన ఒక అడుగు మేర ఖాళీ దిండులా అయిపోయింది. కింద అడుగున్నర బండరాయి. రోజూ అదే చోట కొడుతున్నాను కాబట్టి మార్పు నాకు తెలియలేదు. ఒకరోజు లో కిక్ కాస్త కిందికి తగిలింది. మోకాలి కింద ముందు ఎముక మీద కోడిగుడ్డంత వాపు వచ్చి, పది రోజులు కుంటుకుంటూ తిరిగాను.

తగ్గాక బ్యాగ్ దించి జిప్ తెరిచాను. పీలికలన్నీ నేల మీద పోస్తే గది సగం నిండింది. అడుగున ఉన్నవి ఒకదానికొకటి అతుక్కుని అట్టల్లా వచ్చాయి. వాటిలో చొక్కా గుండీలు, ప్యాంటు జిప్పు ముక్కలు, ఒక ఇనుప బకిలు దొరికాయి. పాత బట్టలు ముక్కలు చేసేటప్పుడు వాటిని ఎవరూ తీయలేదన్నమాట. ఆ బకిలుని చేతిలో పట్టుకుని, ఇది నా పిడికిలి కిందికి వచ్చుంటే ఏమయ్యేదో అని చాలాసేపు అలాగే కూర్చున్నాను. గట్టివన్నీ ఏరేసి, పీలికలు చేత్తో విడదీసి, జానెడు జానెడు పొరగా వేస్తూ లావాటి కర్రతో చుట్టూ కూరాను. మధ్యలో ఒక్కచోటే కూరితే అంచుల దగ్గర గుంటలు పడతాయి, కాబట్టి గోడల పక్కనుంచి మొదలుపెట్టాలి. చివరికి పైన ఇంకో నాలుగు కిలోల పాత నూలు బట్టలు పట్టాయి. మొత్తం పని మూడు గంటలు. ఇప్పుడు ఏడాదికోసారి చేస్తాను. ఇంత చేశాక బ్యాగ్ కొత్తదానికంటే బాగుంటుంది, ఎందుకంటే ఎక్కడ ఎంత గట్టిగా ఉండాలో మన చేతిలో ఉంటుంది.

అందుకే చెప్తున్నాను, పైన జిప్పో తాడో ఉండి తెరవగలిగే బ్యాగే కొనండి. నాలుగు వైపులా కుట్టేసినది ఎంత అందంగా ఉన్నా వద్దు. బరువు కోసం ఇసుక నేరుగా పోయొద్దు. అది కిందికి దిగి గడ్డకడుతుంది, తేమ తగిలితే ఇంకా గట్టిపడుతుంది. బరువు తప్పనిసరి అనుకుంటే ఇసుకని చిన్న చిన్న సంచుల్లో గట్టిగా మూటకట్టి, సరిగ్గా బ్యాగ్ నడుమ నిలువునా పేర్చి, చుట్టూ అరచేయి మందాన గుడ్డ వచ్చేలా చూడండి. నీళ్లు నింపేవి కూడా వస్తున్నాయి. క్లాసులో ఒకటి వాడాను. దెబ్బ తగిలినప్పుడు చర్మం కింద కండలాగే లోపలికి పోతుంది, కీళ్లకి హాయిగా ఉంటుంది. ఇంట్లో లీకైతే ఏమిటన్న టెన్షన్‌తో నేను తీసుకోలేదు.

బయటి కవర్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. తోలు ఎక్కువకాలం వస్తుంది, కానీ తుడిచి నూనె రాసి చూసుకోవాలి, తేమ ఉన్న గదిలో బూజు పడుతుంది. నా రెక్సిన్ నాలుగో ఏట కిక్ పడేచోట చీలింది. ఆ అంచుకి వేలి కణుపు తోలు లేచిపోయాక మందపాటి టేపు చుట్టాను. ప్రతివారం బ్యాగ్‌ని పావువంతు తిప్పి ఉంటే అన్నాళ్లూ ఒకేచోట అరిగేది కాదు.

వేలాడదీయడం గురించి అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్తాను: ఫాల్స్ సీలింగ్‌కి గానీ, ఫ్యాన్ కొక్కేనికి గానీ కట్టొద్దు. 40 కిలోల బ్యాగ్ ఊగుతున్నప్పుడు పైన పడే లాగుడు 40 కిలోలతో ఆగదు. ఫ్యాన్ కొక్కెం నిలకడగా ఉండే బరువు కోసం వేసింది. రెండో బ్యాగ్ కొనేనాటికి ఇల్లు మారాం. ఓనరు గారితో ముందే మాట్లాడి, భవనాల పని తెలిసిన మేస్త్రీని పిలిచి, కాంక్రీటు స్లాబులోకి నాలుగు యాంకర్ బోల్టులు, వాటికి ఇనుప ప్లేటు వేయించాను. ఇటుక గోడకి బ్రాకెట్ వేయించుకున్న మా అక్క వాళ్లింట్లో ఏడాది తిరక్కుండానే బోల్టుల చుట్టూ ప్లాస్టరింగ్ రాలింది.

బోల్టులు బాగానే నిలిచాయి. శబ్దం గురించే ఆలోచించలేదు. కింద ఇంటికి వినిపిస్తుందేమో అనుకున్నాను, కానీ మొదటివారమే పై ఇంట్లో ఉండే పెద్దావిడ దిగొచ్చారు. "పాపా, తెల్లారకముందే మా మంచం కింద సుత్తితో కొడుతున్నట్టుంది, ఏం చేస్తున్నావమ్మా?" అని చాలా మెల్లగా అడిగారు. దెబ్బ అదురు గొలుసు మీదుగా స్లాబులోకి, స్లాబు మీదుగా ఆవిడ మంచంలోకి పోతోంది. ప్లేటుకీ స్లాబుకీ మధ్య మందపాటి రబ్బరు షీటు వేయించి, గొలుసుకి పైన బలమైన స్ప్రింగు పెట్టించాను. పొద్దున ఏడు దాటకుండా కొట్టనని ఆవిడకి మాటిచ్చాను. వారం తర్వాత వెళ్లి అడిగితే ఇప్పుడు చాలా తగ్గిందన్నారు. స్ప్రింగు వల్ల భుజానికి కూడా అదురు తగ్గింది. నేనైతే దాన్ని బ్యాగ్‌తోపాటే కొనమంటాను.

చోటు విషయంలో నేను చేసిన తప్పుకి మూల్యం ఇప్పటికీ చెల్లిస్తున్నాను. మొదట గది మూలన వేలాడదీశాను. రెండు పక్కలా గోడలు కాబట్టి ఎప్పుడూ ఎడమకే జరిగేదాన్ని. రెండేళ్లలో అది ఒంటికి పట్టేసింది. క్లాసులో స్పారింగ్ చేస్తుంటే అవతలివాళ్లు నా జరుగుడుని ముందే పసిగట్టేవాళ్లు. ఇప్పుడు బ్యాగ్ గది నడుమ ఉంది, చుట్టూ తిరగొచ్చు. చుట్టూ ఒక కాలు పూర్తిగా చాచేంత ఖాళీ లేకపోతే చిన్న బ్యాగే తీసుకోండి.

చేతుల జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. పిడికిలితో కొట్టేటప్పుడు చూపుడువేలు, నడిమివేలు కణుపులే తగలాలి. చిటికెనవేలి వైపు తగిలితే అక్కడి అరచేతి ఎముక విరగొచ్చు, దానికి డాక్టర్లు పెట్టిన పేరే బాక్సర్స్ ఫ్రాక్చర్. నాకు ఎముక విరగలేదు గానీ, ఊగి వస్తున్న బ్యాగ్‌ని పక్కగా కొట్టినప్పుడు మణికట్టు లోపలికి మడతపడి మూడు వారాలు పెన్ను కూడా పట్టలేకపోయాను. ఆరోజు చేతికి పట్టీ చుట్టుకోలేదు, "రెండు నిమిషాలే కదా" అనుకున్నాను. 180 అంగుళాల హ్యాండ్ వ్రాప్, అంటే సుమారు నాలుగున్నర మీటర్లు, మణికట్టుకి మూడు చుట్లు, కణుపుల మీద మూడు చుట్లు, వేళ్ల మధ్యగా తిప్పి మళ్లీ మణికట్టుకి. దాని మీద 12 ఔన్సుల గ్లవ్స్. కరాటే వాళ్లు ఒట్టిచేత్తో మకివారా (దెబ్బల సాధనకి నిలబెట్టే చెక్క పలక) కొడతారు కదా అని కొందరు అడుగుతారు. మకివారా పలక దెబ్బకి వెనక్కి వంగుతుంది, ఎంత నొక్కితే అంత ఎదురుతిరుగుతుంది. అడుగున గడ్డకట్టిన బ్యాగ్ అలా వంగదు. ఒట్టిచేత్తో కొట్టాలనుకుంటే మెల్లగా, కొద్దిసేపే.

పిల్లలకి పెద్దవాళ్ల బ్యాగ్ ఇవ్వొద్దు. మా అక్క కూతురికి పదకొండేళ్లు, ఇక్కడికొస్తే నాతో పాటు గ్లవ్స్ వేసుకుంటుంది. దానికోసం మెత్తగా కూరిన 12 కిలోల చిన్న బ్యాగ్ విడిగా పెట్టాను.

మొన్న వేసవిలో జరిగింది కూడా చెప్పాలి. బ్యాగ్ కింద నేల మీద బూడిదరంగు పొడి సన్నగా రాలి ఉంది. దుమ్మే అనుకుని రెండుసార్లు తుడిచేశాను. మూడోసారి వేలికి అద్దుకుని రుద్దితే నల్లగా మెరిసింది, ఇనుప పొడి. స్టూలెక్కి చూస్తే, బ్యాగ్ గుండ్రంగా తిరగడానికి పైన ఉండే స్వివెల్‌కి తగిలించిన ఎస్ ఆకారపు కొక్కెం, పై రింగు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. కొక్కెం మందం సగానికి వచ్చింది. 40 కిలోల పైనే బరువు దాని మీదే వేలాడుతోంది. అదే రోజు దాన్ని తీసేసి, స్క్రూతో బిగుసుకునే గట్టి ఇనుప కడియం, షాకిల్ అంటారు, వేశాను. అప్పటినుంచీ ప్రతి నెలా మొదటి ఆదివారం ముందు తెల్లగుడ్డతో బ్యాగ్ కింద నేల తుడిచి గుడ్డ రంగు చూస్తాను, ఆ తర్వాతే స్టూలెక్కి బోల్టులు బిగిస్తాను.