మా ఓమ్నిని అమ్మిపెట్టిన ఆటోనగర్ కన్సల్టెన్సీ

పదకొండేళ్లు మా ఇంటి బండి మారుతి ఓమ్ని. వెనక సీటు తీయించి, పరుపు వేసుకుని, చిన్న గ్యాస్ స్టవ్వు పెట్టుకుని మారేడుమిల్లి, అరకు, సూర్యలంక తిరిగాం. రాత్రి పడకా అందులోనే. మావారి మోకాళ్లు సహకరించక అమ్మక తప్పలేదు.

ముందు చూసిన ఇద్దరూ 2019లో ఆగిపోయిన మోడల్ అని తుక్కు ధర చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌లోని ఈ కన్సల్టెన్సీ అబ్బాయి మాత్రం పక్క తలుపు రెండుసార్లు జరిపి చూశాడు. తలుపు జరిగే పట్టాలో గ్రీజు వేలికి అంటింది. "బాగా చూసుకున్నారమ్మా" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కమిషన్ రెండు శాతమని ముందే చెప్పాడు, అంతే తీసుకున్నాడు. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, బండి అప్పగించినట్టు రాసే డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైమ్ కూడా రాయించాడు. పేరు మారేలోపు యాక్సిడెంట్ జరిగితే ఆర్‌సీలో పేరున్నవాళ్లదే బాధ్యత, నాకు అదే టెన్షన్. ట్రాన్స్‌ఫర్ మాత్రం మూడు వారాలు లేటయింది, నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. చివరికి కొత్త ఆర్‌సీ ఫొటో తనే పంపాడు.

కొన్నది గుంటూరు వాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. నేను కుట్టిన కర్టెన్లు ఉంచమని అడిగారు. ఉంచేశాను.