క్రాక్ విండోసా, విండోస్ మీదే ఓపెన్ సోర్సా, ఏకంగా లినక్సా: కొత్తవాళ్లకి ఏది మేలు?

అమలాపురం, పాలకొల్లు, భీమవరం ఎక్కడైనా సరే, లాప్‌టాప్ స్లో అయిపోయిందండి అని షాపులో పెడితే "ఫార్మాట్ కొట్టేసి విండోసు, ఆఫీసు, ఫోటోషాపు అన్నీ వేసిచ్చేస్తానండి, మూడొందలివ్వండి" అంటారు. ఆ మూడొందలు వాళ్ల కూలే, సాఫ్ట్‌వేర్ ఖరీదు కాదు, వేసేదంతా క్రాకే, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీలే. దీనికి బదులు ఇంకో రెండు దార్లున్నాయి. విండోస్ అలాగే ఉంచి దాని మీద ఫ్రీగా దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు వేసుకోడం ఒకటి, విండోసే తీసేసి దాని బదులు లినక్స్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టం పెట్టుకోడం ఇంకోటి. కొత్తవాళ్లెవరైనా అడిగితే నేను మధ్యదే చెప్తానండి, ఎంచేతంటే అందులో పోయేదేమీ లేదు, నచ్చకపోతే తీసేస్తే సరి.

క్రాక్‌తో అసలు గొడవ డబ్బు ఎగ్గొట్టామన్న పాపం ఒక్కటే కాదు. ఆ ఫైలుతో పాటొచ్చే నోట్‌ప్యాడ్ ఎప్పుడైనా చదివారా, మొదటి లైనే "ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి" అని ఉంటది. ఇంటి తలుపు తీసిపెట్టి పడుకోమన్నట్టే కదా. పైగా అదే లాప్‌టాప్‌లో మనం బ్యాంకు లాగిన్ అవుతాం, ఆధార్ పీడీఎఫ్‌లు దాచుకుంటాం. అప్‌డేట్లు పెడితే క్రాక్ పోతుందేమోనని గాబరాతో అవీ ఆపేస్తాం, ఆనక జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టొచ్చిన రోజు ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయి కూర్చుంటాయి.

మరి ఓపెన్ సోర్స్‌లో తేడా ఏంటంటే, ప్రోగ్రాం కోడు అందరికీ కనపడుద్ది, వాడుకోడానికి, మార్చుకోడానికి, పక్కింటాయనకి కాపీ చేసివ్వడానికి లైసెన్సే ఒప్పుకుంటది, కాబట్టి పెన్‌డ్రైవ్‌లో పంచుకున్నా దొంగతనం కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అని ఓ ఫ్రీ ఆపరేటింగ్ సిస్టం కోసం మొదలెట్టిన పనికి 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు కుర్రాడు రాసిన లినక్స్ కెర్నెల్, అంటే సిస్టం గుండెకాయ లాంటి ప్రోగ్రాం, తోడైంది, ఇవాళ మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడిచేది కూడా ఆ కెర్నెలేనండి. వీఎల్‌సీలో సినిమాలు చూస్తారు కదా, అదీ ఓపెన్ సోర్సే. అంటే మీరేం కొత్తవాళ్లు కాదు, ఆయ్.

ఇక మధ్య దారి. విండోస్ మీదే ఎమ్మెస్ ఆఫీసు బదులు లిబ్రే ఆఫీస్, నెట్ చూడ్డానికి ఫైర్‌ఫాక్స్, జిప్ ఫైళ్లకి 7-జిప్, ఫోటోలకి గింప్, డిజైన్లకి ఇంక్‌స్కేప్ పెట్టుకోండి, ఏది వేసినా వాళ్ల సొంత సైటు నుంచే దించుకోండి, వేరే చోట దించితే చెత్త కూడా వస్తది. లిబ్రే ఆఫీస్ 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది, ఆ పాతది ఇప్పటికీ దొరుకుద్ది గానీ దాని జోలికెళ్లకండి, పని బాగా జరిగేది లిబ్రేలోనే. భీమవరం వైపు రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే వాళ్లకి అందులో ఎక్సెల్ లాంటి కాల్క్ బోల్డంత సరిపోద్ది. తేదీ, చెరువు నంబరు, వేసిన మేత కిలోలు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), ఇలా నాలుగు కాలమ్‌లు పెట్టి, చెరువువారీగా మేత కూడే ఫార్ములా ఒకటి రాసి, పట్టుబడి రోజున మొత్తం మేతని వచ్చిన రొయ్య బరువుతో భాగిస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో, వచ్చేస్తది, దీనికి ఎక్సెల్ కొనాల్సిన పనేం లేదు.

తకరారు ఎక్కడొస్తుందంటే ఫైలు అవతలివాళ్లకి పంపినప్పుడు. లిబ్రే మామూలుగా ఓడీటీ అనే తన ఫార్మాట్‌లో సేవ్ చేస్తది, అవతల వర్డ్‌లో తీస్తే అలైన్‌మెంటు కాస్త జరగొచ్చు. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్‌లోకెళ్లి ఎప్పుడూ వర్డ్ వాడే డాక్స్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేట్టు పెట్టేసుకోండి, చదవడానికి మాత్రమే అయితే పీడీఎఫ్ చేసి పంపండి. మెనూలు పాతకాలంలా ఉన్నాయని విసుక్కుంటారు చాలామంది, వ్యూలో యూజర్ ఇంటర్‌ఫేస్ నొక్కి ట్యాబ్డ్ ఎంచుకుంటే వర్డ్‌లానే కనపడుద్ది. మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసిన చిన్న ప్రోగ్రాములు) ఉన్న పెద్ద ఎక్సెల్ షీట్లు మాత్రం సరిగ్గా నడవకపోవచ్చు, ముందే చెప్తున్నా.

మూడోది లినక్స్. ఇది అందరికీ కాదండి, కానీ కొందరికి ఇదే మేలు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటది. అంటే 2015లో కొన్న లాప్‌టాప్ శుభ్రంగా పనిచేస్తున్నా సరే దారి మూసుకుపోయినట్టే. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, అలాంటి దానికి మింట్ అనే రకం పెట్టుకోండి, 4 జీబీ ర్యామ్ అయితే అందులో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. ఉబుంటు కూడా మంచిదే గానీ కొంచెం బరువు, మింట్‌లో మెనూ కింద ఎడం పక్కనే ఉంటది కాబట్టి చెయ్యి తడబడదు. కేరళ గవర్నమెంటు స్కూళ్లలో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, మన పిల్లలకే ఏదో కష్టమైపోద్దని మనం అనుకుంటాం. ఇంజనీరింగ్ కుర్రాళ్లకైతే సీ, పైథాన్ ల్యాబులు ఇందులో ఇంకా సుఖం.

ఒక్కటి మాత్రం ఖచ్చితంగా చెయ్యండి. మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో బూట్ చేసి, అంటే హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండా నేరుగా ఆన్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా ఓ పూట వాడి చూడండి. వైఫై పట్టుకుందా, సౌండొస్తుందా, మీ ప్రింటర్ నుంచి పేజీ బయటికొచ్చిందా చూసుకోండి. ప్రింటర్లలోనే అసలు తంటా, కొన్నిటికి అసలు ఏమీ వెయ్యక్కర్లేదు, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు ఎంత బతిమాలినా మాట వినవు. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి డ్రైవర్ మేనేజర్ తెరవండి, చాలాసార్లు అక్కడే తేలిపోద్ది. తెలుగు టైపింగ్‌కి కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరిక వచ్చేస్తది. డేటా బ్యాకప్ తీసుకోకుండా ఇన్‌స్టాల్ జోలికి అస్సలు పోవద్దు.

శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపుల వాళ్లయితే ఇదంతా చదివి ఊపులో ఫార్మాట్ కొట్టెయ్యకండి బాబూ. పేజ్‌మేకర్ 2001లో 7.0 దగ్గరే ఆగిపోయినా మన దగ్గర ఇంకా దాన్నే నడుపుతున్నారు, అందులో అను ఫాంట్లతో కొట్టిన మేటరు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే అక్షరాల కోడు) కాదు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు గుర్తులు కనపడతాయి. పాత సిస్టమ్ పాత పనికి అలాగే ఉంచుకుని, కొత్త పనులు యూనికోడ్‌లో ఇంక్‌స్కేప్‌లోనో, పేజ్‌మేకర్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం స్క్రైబస్‌లోనో మొదలెట్టొచ్చు, స్క్రైబస్ 1.6 నుంచి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటున్నాయి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఎంచక్కా ఫ్రీగా వాడుకోవచ్చు. ఫ్లెక్సీ ప్రింటు చేసేవాళ్లు పీడీఎఫ్ తీసుకుంటారో, కోరల్‌డ్రా సీడీఆర్ ఫైలే కావాలంటారో అది ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ట్యాలీ మీద బతికే షాపులు, వేలిముద్ర మిషన్ పెట్టుకున్న సెంటర్లు కూడా అంతే, విండోస్ లైసెన్సు కొనుక్కుని మిగతావి ఓపెన్ సోర్స్‌కి మార్చుకుంటే చాలు.