రాని పేషెంట్లు: ఫైన్ వేస్తే మేలా, లిస్టులోంచి తీసేస్తే మేలా, ఫోన్ చేస్తే మేలా?

ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీ, అంటే ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్, రిసెప్షన్‌లో కూర్చునే మాలాంటివాళ్ళకి ఇది రోజూ ఉండేదే. పొద్దున 8కి ఫోన్ లైన్లు తెరవగానే జనం క్యూ కట్టేస్తారు, కాసేపటికే ఆ రోజు స్లాట్లు అయిపోతాయి, ఇక అప్పట్నుంచి సారీ అండీ ఇవాళ ఖాళీ లేదు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతుంది, తీరా చూస్తే 10:40కి రావాల్సిన మనిషి రాడు. స్క్రీన్ మీద ఆ పేరు పక్కన డీఎన్ఏ (డిడ్ నాట్ అటెండ్, అంటే రాలేదు) అని పెట్టేసి ఊరుకోవడమే. 2019 జనవరిలో ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) చెప్పిన లెక్క ప్రకారం ఏడాదికి కోటిన్నర పైగా అపాయింట్‌మెంట్లు ఇలా పోతున్నాయి, అందులో డాక్టర్లవే 72 లక్షలు, ఆ డాక్టర్ల అపాయింట్‌మెంట్లకే 21 కోట్ల 60 లక్షల పౌండ్లకి పైగా దండగ. మరి ఏం చేస్తే తగ్గుతుంది అంటే తలా ఒకటి చెప్తారు.

ముందు ఫైన్ సంగతి. వెయిటింగ్ రూమ్‌లో ఎవర్నడిగినా ఫస్ట్ ఇదే అంటారు, డబ్బులు పోతే వాళ్ళే వస్తారు అని. 2022లో రిషి సునాక్ కూడా పార్టీ లీడర్ పోటీలో ఉన్నప్పుడు 10 పౌండ్ల ఫైన్ వేస్తానన్నాడు, ఆ అక్టోబర్‌లో ప్రధాని అయ్యాక దాన్ని పక్కన పెట్టేశాడు. నన్నడిగితే పక్కన పెట్టడమే మంచిదైంది. అసలు జీపీ కాంట్రాక్ట్ ప్రకారం రానందుకు ఎన్‌హెచ్ఎస్ పేషెంట్ దగ్గర సర్జరీ డబ్బు తీసుకోకూడదు. రూల్ మార్చారే అనుకోండి, వసూలు చేసేదెవరు? కౌంటర్ దగ్గర మేమే కదా, పదిమంది చూస్తుండగా ఒక ముసలాయనతో పది పౌండ్ల కోసం గొడవ పడాలి. పైగా ఇజ్రాయెల్‌లో హైఫా ఊళ్ళో డేకేర్లలో ఇలాంటిదే ట్రై చేశారు, పిల్లల్ని లేటుగా తీసుకెళ్ళే పేరెంట్స్‌కి ఫైన్ పెడితే లేటుగా వచ్చేవాళ్ళు ఇంకా పెరిగారు, డబ్బు కడుతున్నాం కదా అని మొహమాటం పోయింది, ఫైన్ ఎత్తేసినా మళ్ళీ తగ్గలేదు.

రెండోది లిస్టులోంచి తీసేయడం, అంటే ఆ సర్జరీలో పేషెంట్‌గా ఉన్న పేరు కొట్టేయడం. ఇది చేయొచ్చు, కానీ గత 12 నెలల్లో ఒకసారి వార్నింగ్ ఇచ్చి ఉండాలి. చాలా సర్జరీల్లో మూడు సార్లు రాకపోతే లెటర్ వెళ్తుంది. సర్జరీకి తలనొప్పి తగ్గుతుంది నిజమే, కానీ ఆ మనిషి ఎక్కడికి పోతాడు, పక్క వీధి సర్జరీలో చేరి అక్కడా ఇంతే. అసలు మాటిమాటికీ రానివాళ్ళు ఎవరు అన్నది చూడాలి. స్కాట్లాండ్‌లో 136 సర్జరీల్లో 5 లక్షల మందికి పైగా పేషెంట్ల రికార్డులు తీసి చూశారు, 2019లో బయటికొచ్చింది. దీర్ఘకాలం మానసిక సమస్యలు ఉండి ఏడాదికి రెండు కంటే ఎక్కువ సార్లు అపాయింట్‌మెంట్ మిస్ అయినవాళ్ళకి చనిపోయే ప్రమాదం, ఒక్కటీ మిస్ అవ్వని అలాంటి పేషెంట్ల కంటే 8 రెట్లు పైనే ఉంది. అంటే మనం లెటర్ పంపి వదిలించుకునేది అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న మనిషినన్నమాట. ఇది చదివాక నాకైతే ఆ లెటర్ ప్రింట్ తీయాలంటే చెయ్యి రాదు.

ఒకే స్లాట్‌కి ఇద్దర్ని బుక్ చేయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇద్దరూ వచ్చిన రోజు డాక్టర్ గంట లేటు, తిట్లు మనకి.

అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మెసేజ్‌లు మాత్రం పనిచేస్తాయి. లండన్‌లో బార్ట్స్ హాస్పిటళ్ళలో మీరు రాకపోతే ఎన్‌హెచ్ఎస్‌కి సుమారు 160 పౌండ్లు ఖర్చు అని మెసేజ్‌లో ఒక్క ముక్క కలిపితే రానివాళ్ళు 11.1 శాతం నుంచి 8.4కి తగ్గారు, 2015లో వేసిన పేపర్ అది. కొన్ని సర్జరీల్లో అయితే తర్వాతి అపాయింట్‌మెంట్ టైమ్‌ని పేషెంట్ చేతే కార్డు మీద రాయించారు, దానికే 18 శాతం తగ్గింది, పైసా ఖర్చు లేదు. మెసేజ్‌కి క్యాన్సిల్ అని రిప్లై ఇస్తే స్లాట్ వెంటనే ఖాళీ అయ్యేలా పెట్టడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే క్యాన్సిల్ చేద్దామని ఫోన్ చేసినవాళ్ళకి మీరు క్యూలో 17వ వారు అని వినపడితే ఎంతసేపని ఆగుతారు, పెట్టేస్తారు, అది మళ్ళీ డీఎన్ఏ కిందకే వస్తుంది.

కానీ మెసేజ్ మనిషికి చేరాలి కదా. మన తెలుగువాళ్ళ ఇళ్ళే చూడండి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని రిజిస్టర్ చేసేటప్పుడు కొడుకు నంబరే ఇస్తారు. మెసేజ్ వెళ్ళేది కొడుక్కి, అతను మీటింగ్‌లో చూసి మర్చిపోతాడు, పెద్దావిడకి అపాయింట్‌మెంట్ ఉన్న సంగతే తెలీదు. దానికి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని కూడా పెట్టి డబుల్ స్లాట్ ఇచ్చుంటే 20 నిమిషాలు పోయినట్టే. ఇలాంటి చోట ఫోన్ చేసి “నిన్న రాలేదేంటమ్మా, ఒంట్లో ఎలా ఉంది” అంటే, “నాకెవరూ చెప్పలేదు తల్లీ, బీపీ మాత్రలు కూడా అయిపోయాయి” అని అప్పుడు బయటపడుతుంది.

అందుకే నా ఓటు ఇలా. అందరికీ మెసేజ్, దానిలోనే క్యాన్సిల్. రెండోసారి రాకపోతే లెటర్ కాదు, తెలిసిన రిసెప్షనిస్ట్ ఎవరైనా ఫోన్ చేసి నంబర్ సరిగ్గా ఉందా, పని మానుకుని రాలేకపోతున్నారా, భయమా, బస్సు ఇబ్బందా అని కనుక్కోవాలి, అవసరమైతే ఫోన్ కన్సల్టేషన్‌కి మార్చాలి. టైమ్ ఎక్కడుంది అంటారు, నిజమే స్టాఫ్ తక్కువే, కానీ మాటిమాటికీ రానివాళ్ళు లిస్టు మొత్తంలో కొద్దిమందే, మధ్యాహ్నం 2 తర్వాత ఫోన్లు కాస్త తగ్గుతాయి, అప్పుడు రోజుకి ఇద్దరు ముగ్గురితో మాట్లాడినా చాలు. షుగర్, గుండె జబ్బు, డిప్రెషన్ ఉన్నవాళ్ళ పేర్లతో మొదలుపెట్టాలి.