గోల్డ్ కార్డుంటే బిజినెస్ సీటు ఇస్తారా? బెంగళూరు–సింగపూర్ అనుభవం

ఆఫీసు పని మీద సింగపూర్ తరచూ వెళ్తుంటా, మారతహళ్ళిలో మనోళ్ళు ఎవరు కలిసినా నీకు గోల్డ్ ఉంది కదన్నా, ఫ్రీగా బిజినెస్‌లో కూర్చోబెడతారా అనే అడుగుతారు. అలా ఏం ఉండదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ మెంబర్‌షిప్ క్రిస్‌ఫ్లయర్‌లో ఎలైట్ గోల్డ్ రావాలంటే ఏడాదిలో 50,000 ఎలైట్ మైళ్ళు (ఫ్లైట్లు ఎక్కినందుకు వచ్చే, కార్డు స్థాయిని తేల్చే పాయింట్లు) కావాలి, అది వస్తే స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్స్ కూటమి గోల్డ్ కూడా వచ్చినట్టే, లాంజ్, చెక్-ఇన్‌కి వేరే క్యూ, ముందు బోర్డింగ్, 20 కిలోల ఎక్స్‌ట్రా లగేజీ ఇవన్నీ దాంట్లోవే, కానీ అప్‌గ్రేడ్ మాత్రం ఆ లిస్టులో లేదు. నన్నడిగితే ఆ 20 కిలోలే అన్నిటికంటే పనికొస్తాయి, ఇంటికి సామాన్లు తెచ్చేవాళ్ళకి తెలుస్తుంది.

అప్‌గ్రేడ్ కావాలంటే మైళ్ళు (ఎలైట్‌వి కాదు, ఖాతాలో విడిగా పడే, ఖర్చుపెట్టుకునే పాయింట్లు) పెట్టి కొనుక్కోవాలి, అసలు మెలిక ఇక్కడే ఉంది. ఎకానమీలో అన్నిటికంటే చవకైన లైట్ టికెట్‌ని మైళ్ళతో బిజినెస్‌కి మార్చనివ్వరు, కనీసం దాని పై రకం, వాల్యూ టికెట్ ఉండాలి, మన కంపెనీల ట్రావెల్ డెస్కులేమో ఎప్పుడూ చవకదే తీస్తాయి, దాంతో ఎంత పెద్ద కార్డున్నా మైళ్ళు అలా పడుండి మూడేళ్ళకి ఎక్స్‌పైర్ అయిపోతాయి, అది చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈసారి తేడా డబ్బులు నేనే కడతానని మేనేజర్‌కి ముందే చెప్పి వాల్యూ తీయించా, బిజినెస్‌కి వెయిట్‌లిస్ట్ పెట్టా, క్లియర్ అయింది. ఎకానమీ ఓవర్‌బుక్ అయినప్పుడు కార్డున్నోళ్ళని ముందు పైకి పంపడం చాలా ఎయిర్‌లైన్స్‌లో ఉంది గానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ చేసుకోకండి.

దేవనహళ్ళిలో బెంగళూరు ఎయిర్‌పోర్టు టెర్మినల్ 2 నుంచే ఫ్లైటు, వెదురు సీలింగు, వేలాడే మొక్కలు, ఎంతసేపు కూర్చున్నా విసుగు రాదు, కాస్త ముందే వెళ్ళండి. రాత్రి ఫ్లైటు, నాలుగున్నర గంటలు, సీటు పూర్తిగా పడుకునేలా అవుతుంది కాబట్టి పొద్దున్నే మీటింగున్నోళ్ళకి మైళ్ళు ఖర్చుపెట్టినా న్యాయమే. తిరుగు ప్రయాణం సాయంత్రం, దానికి దండగ, ఎకానమీలోనే వచ్చేశా. ఫారర్ పార్క్ దగ్గర హోటల్లో మాత్రం ఆ హోటల్ మెంబర్‌షిప్ నంబరు చెప్పగానే, ఖాళీ ఉందని, పెద్ద రూమ్ ఇచ్చేశారు, అడగనైనా అడగలేదు, లిటిల్ ఇండియా నడిచేంత దూరం, ఇడ్లీ దోసెకి లోటు లేదు.

విస్తారా ఎయిర్‌లైన్ మెంబర్‌షిప్ క్లబ్ విస్తారా ఉన్నప్పుడు అప్‌గ్రేడ్ వోచర్లు వచ్చేవి, 2024 నవంబర్‌లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, ఆ వోచర్ల కోసం ఇప్పటికీ బాధపడేవాళ్ళు మా ఆఫీసులో ఉన్నారు. ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే, టికెట్ తీసే ముందే ఆ ఫేర్‌కి అప్‌గ్రేడ్ కుదురుతుందా లేదా చూసుకోండి, తీశాక కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా ఏమీ చెయ్యలేరు.